బెంగ అని చెప్పుకోవడానికి ఏ నంబరు నొక్కాలి? దక్షిణ ఒడిశా ఆరోగ్యాధికారులకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల ఆరోగ్య శాఖ అధికారులకు, ఆ జిల్లాల కలెక్టర్లకు నమస్కారాలు.

ఈ లేఖను తెలుగులో రాస్తున్నందుకు సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదనుకుంటున్నాను. కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా తన ఇబ్బందిని విన్నవించుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణంలో ప్రతి మనిషికీ ఇచ్చింది. నాకు ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం వచ్చు, తప్పులతో రాయడం కూడా వచ్చు. ముప్ఫై ఏళ్లుగా పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుకుంటున్నవాడికి రాకపోతే పూట గడవదు. అయినా తెలుగులోనే రాయడానికి కారణం, నేను చెప్పబోయేది ఈ జిల్లాల్లో ఉంటూ ఒడియా చదవలేని తెలుగువాళ్ల సంగతి కావడమే. వాళ్లు దీన్ని చదివిగాని, చదివించుకుని విని గాని, 'అవును, ఇలాగే జరిగింది' అనో, 'ఇక్కడ నువ్వు తప్పు రాశావు' అనో నాతో చెప్పగలగాలి.

సంగతి కరోనా రోజులది. పాత గొడవ ఇప్పుడెందుకని మీకు అనిపించవచ్చు. అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది; మా షాపులో అమ్ముడుపోని మాస్కులకు రబ్బరు తాళ్లు కూడా సాగిపోయాయి. కానీ ఆ రెండేళ్లలో ఒంటికో మనసుకో బాగోలేనప్పుడు సాయం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవడానికి మా వాళ్లు పడ్డ తిప్పలు జబ్బు తగ్గగానే తీరిపోలేదు. నిన్న మొన్న కూడా ఒకావిడ ఒడియాలో వచ్చిన టీకా మెసేజీ చదివించుకోవడానికి చంటిపిల్లను చంకనెత్తుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చింది.

ఒడిశా ప్రభుత్వం ఆ రోజుల్లో చేసిన మంచిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. వలస వెళ్లినవాళ్లు తిరిగి వస్తారని ముందే గ్రహించి, 2020 ఏప్రిల్‌లో సర్పంచులకు వాళ్ల వాళ్ల పంచాయతీల మేరకు కలెక్టరు అధికారాలు ఇచ్చింది. ఊళ్లలో బడులను క్వారంటైన్ కేంద్రాలుగా మార్చి, 14 రోజులు పూర్తిచేసిన వాళ్లకు 2,000 రూపాయలు ఇస్తామంది. మే నెలలో సూరత్ నుంచి గంజాం జిల్లాకు రైళ్లకు రైళ్లు జనం దిగినప్పుడు, జూలై నాటికి రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు ఆ జిల్లాలోనే ఉన్నప్పుడు, ఊరి స్థాయిలో ఆ ఏర్పాటే లేకపోతే ఏమై ఉండేదో ఊహించలేను. అప్పుడు నేను గమనించిన విషయం ఒకటుంది. ఆ బడి కేంద్రాల్లో మా తెలుగువాళ్లకు భాషతో చిక్కు రాలేదు. గోడ దూకబోయిన కుర్రాడిని సర్పంచి తెలుగులోనే తిట్టాడు. వంటమనిషి తెలుగులోనే 'ఇంకాసిన్ని మెతుకులు ఎయ్యమంటావేటి' అని అడిగింది. అధికారం ఊరి దాకా దిగి వచ్చింది కాబట్టి ఆ ఊరి భాష దానంతట అదే వచ్చి చేరింది, దానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కర లేకపోయింది. మరుసటి ఏడాది జబ్బు ఇంటింటికీ పాకి, సాయమంతా ఫోను నంబర్లలోకీ కరపత్రాల్లోకీ వెళ్లిపోయినప్పుడు మాకు దారి తెగింది.

2021 మే నెలలో జరిగినది చెబుతాను. మా వీధి చివర ఉండే తాతగారికి పాజిటివ్ వచ్చింది, ఇంట్లోనే ఉండమన్నారు. చేతికి ఇచ్చిన కరపత్రం ఒకవైపు ఒడియాలోను, రెండోవైపు ఇంగ్లీషులోను ఉంది. కొడుకు చెన్నైలో చిక్కుపడిపోయాడు. ఇంట్లో ఉన్నది కోడలు. ఆమె పాతపట్నం పిల్ల, చదివిన ఐదు తరగతులూ తెలుగులోనే చదివింది. ఆక్సీమీటరు నా దగ్గరే కొన్నారు. ఒక రాత్రి తొమ్మిది దాటాక ఆమె ఫోను చేసి, 'అన్నయ్యగారూ, మామయ్యగారికి నయంగానే ఉన్నట్టుంది, ఇయ్యాల నూట పన్నెండు చూపిస్తోంది' అంది. ఆక్సిజన్ అంకె నూరు దాటదు. 'ఇంకో అంకె ఉంటుంది, అదెంతమ్మా' అని అడిగితే, 'ఎనభై ఎనిమిది, అది చిన్నదని చూడ్డం లేదు' అంది. మూడు రోజులుగా ఆ అమ్మాయి నాడి అంకెను ఆక్సిజన్ అనుకుని, అది పెరుగుతున్నకొద్దీ ధైర్యం తెచ్చుకుంటూ, గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో వరసగా రాసిపెట్టింది: 96, 104, 112.

కరపత్రంలో ఆ ముక్క లేదని అనలేను. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా వైద్యసాయం కోరాలని, మీటరు మీది రెండు అంకెల్లో ఏది ఏమిటో బొమ్మతో సహా, చక్కగా ఉంది. తరువాత నేనే చదివాను. అమ్మిన రోజున నేనైనా చెప్పి ఉండవలసింది. అప్పుడు కౌంటరు ముందు నలభై మంది నిలబడి ఉన్నారన్నది నా సాకు తప్ప సమాధానం కాదు. ఆ రాత్రి ముందు ఆయన్ను బోర్లా పడుకోబెట్టమని చెప్పి, 108కి ఫోను చేసి, బండిలోని వాళ్లు ఒడియాలో అడిగినవి ఆమెకూ, ఆమె చెప్పినవి వాళ్లకూ, రెండు ఫోన్లు రెండు చెవులకు పెట్టుకుని అందించాను. తాతగారు పదకొండు రోజుల తరువాత ఇంటికి వచ్చారు. ఇప్పటికీ నెలనెలా బీపీ మాత్రలకు వచ్చి, డబ్బులిచ్చే ముందు ధర ఎందుకు పెరిగిందని తగువు పెట్టుకుంటారు. అందరి ఇళ్ల దగ్గరా ఇలా ముగియలేదని మీకు నేను చెప్పనక్కర లేదు.

ఒడియాకూ తెలుగుకూ ఎంత చుట్టరికం ఉందో నాకు తెలుసు. టీకా అన్న మాట రెండింటిలోనూ ఒకటే, జ్వరం ఒకటే. కానీ క్వారంటైన్‌కు ఒడియాలో వాడిన 'సంగరోధ' అన్న మాటను మా వాళ్లలో ఒకాయన ఏదో కొత్త రోగం పేరనుకున్నాడు. ఇక లిపి సంగతి. రెండూ గుండ్రని అక్షరాలే కాబట్టి దూరం నుంచి చూసినవాళ్లకు ఒకటిగా కనిపిస్తాయేమోగాని, తెలుగు బడిలో చదివిన అరవై ఏళ్ల మనిషికి ఒడియా కాగితం చేతికిస్తే అది చుట్లు చుట్టిన ముగ్గే. అంగట్లో బేరమాడే ఒడియా వేరు, మందుల కాగితం మీది ఒడియా వేరు. మా ఆడవాళ్లలో చాలామందికి ఆ మొదటిది కూడా సగమే వస్తుంది.

ఒంటి సంగతి ఇలా ఉంటే, మనసు సంగతి ఇంకా కష్టం. అదే ఏడాది ఆగస్టులో, భర్తను పోగొట్టుకుని రెండు నెలలైన ఒకావిడ వచ్చి నిద్రమాత్రలు అడిగింది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇవ్వలేదు. ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పక, నా దగ్గరున్న ఒక హెల్ప్‌లైన్ నంబరుకు షాపు ఫోను నుంచే కలిపాను. అది ఏ లైను అన్నది ఇక్కడ అనవసరం. అవతల మాట్లాడిన అమ్మాయి ఎంతో ఓపికగా, మెత్తగా మాట్లాడింది, కానీ ఒడియా తప్ప మరొకటి ఆమెకు రాదు. దాంతో మళ్లీ నేనే దుబాసీనయ్యాను. 'ఏమనిపిస్తోంది' అని అడిగితే మా మనిషి 'బెంగగా ఉందండి' అంది. నేను 'మన దుఃఖ' అని ఒడియాలో చెప్పాను. చెబుతుండగానే అది సరిపోదని నాకు తెలుస్తూనే ఉంది. బెంగ ఉత్త దుఃఖం కాదు. హాస్టల్లో వేసిన పిల్లకు వచ్చేది బెంగ, దూడను అమ్మేస్తే ఆవుకు వచ్చేది బెంగ. బెంగ పెట్టుకుంటే జ్వరం వస్తుంది, అన్నం సయించదు, మనిషి చిక్కి సగమవుతుంది. ఆ ఒక్క మాటలో నిద్ర, ఆకలి, ఒళ్లు అన్నీ ఉన్నాయి. తెలుగు తెలిసినవారెవరైనా ఆ మాట దగ్గరే ఆగి నాలుగు ప్రశ్నలు అడిగి ఉండేవారు. నేను చేసిన అనువాదానికి అవతలి అమ్మాయి, పాపం, ధైర్యంగా ఉండమని చెప్పగలిగింది.

అంతకన్నా నన్ను బాధపెట్టింది మరొకటి. ఆవిడ అసలు చెప్పదలచుకున్నది నా ముందు చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో, తలుపు వేసుకుని, తన భాషలో చెప్పుకోవడం కోసమే కదా ఇలాంటి లైన్లు పెట్టింది? మధ్యలో మందుల షాపువాడు నిలబడితే, ఆ షాపువాడు రేపు తన ఆడపడుచుకు దగ్గుమందు అమ్మేవాడే అయితే, ఇంక ఆమె ఏం చెబుతుంది? పది నిమిషాలకే 'చాల్లెండి, తగ్గిపోతుంది' అని లేచి వెళ్లిపోయింది.

కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 7నే కిరణ్ పేరుతో 13 భాషల్లో మానసిక సాయం లైను ప్రారంభించిందని, అందులో తెలుగు కూడా ఉందని నాకు తెలిసేటప్పటికి చాలా ఆలస్యమైంది. ఆ లైనులో ముందు భాష ఎంచుకోవలసి ఉండేది, ఆ తరువాత రాష్ట్రం ఎంచుకోవలసి ఉండేది. భాషనూ రాష్ట్రాన్నీ వేరువేరు మీటలుగా పెట్టాలని తోచినవారెవరో గాని, మా వంటివాళ్లు ఉన్నారని వాళ్లకు గుర్తుంది. అయితే తెలుగు నొక్కి, ఆపైన ఒడిశా నొక్కినప్పుడు, ఆ చివర ఫోను ఎత్తేది ఎవరు? సరిహద్దు మనిషి ప్రశ్న ఎప్పుడూ ఇక్కడికే వచ్చి ఆగుతుంది. ఇప్పుడు 14416 నంబరుతో టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఇరవై భాషల్లో రాత్రింబగళ్లు పనిచేస్తుందంటున్నారు. మా జిల్లాల నుంచి ఆ లైనుకు ఫోను చేసిన తెలుగు మనిషికి తెలుగులో మాట్లాడే మనిషి తగులుతున్నాడో లేదో మీలో ఒకరు, హోదా చెప్పకుండా, మామూలు ఫోనుతో ఒకసారి చేసి చూడవలసిందిగా నా మొదటి మనవి.

నేను ఫోన్ల గురించి ఇంతగా రాయడానికి ఇంకొక కారణం ఉంది. సరిహద్దును ఆనుకుని ఉన్న కొన్ని ఊళ్లలో సెల్‌ఫోను ఒక గదిలో ఒడిశా టవరును, ఇంకో గదిలో ఆంధ్ర టవరును పట్టుకుంటుంది. రెండో అల రోజుల్లో ఒక ఇంటివాళ్లు అంబులెన్సుకు ఫోను చేస్తే అది అటువైపు వాళ్లకు తగిలింది. వాళ్లు అంతా తెలుగులో విని, ఊరి పేరు చెప్పగానే, అది తమ రాష్ట్రం కాదు కాబట్టి బండి పంపలేమన్నారు. మళ్లీ చేస్తే ఇటువైపు తగిలింది. ఇక్కడ బండి ఉంది, కానీ ఊరి పేరు, దారి చెప్పేసరికి పావుగంట పట్టింది. మాట అర్థమైన చోట బండి లేదు, బండి ఉన్న చోట మాట అర్థం కాలేదు. ఇందులో ఫోను ఎత్తిన ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేను, ఎవరి నిబంధన ప్రకారం వాళ్లు చేశారు.

జబ్బు చేస్తే మా వాళ్లు ఎటు చూస్తారో మీకు తెలియనిది కాదు. పర్లాకిమిడికి బరంపురం కంటే శ్రీకాకుళం దగ్గర, గుణుపురం నుంచి నౌపడ వెళ్లే రైలు మా ఊరి మీదుగానే పోతుంది, మా కూతుళ్లలో సగం మంది అత్తవారిళ్లు అటువైపే. 2021 మే 5న ఇక్కడ లాక్‌డౌన్, అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ ఒకే రోజున మొదలయ్యాయి. ఆ వెంటనే ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎవరు వచ్చినా 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఇక్కడ ఉత్తర్వు వచ్చింది. రోగం ప్రబలుతున్నప్పుడు కట్టడి తప్పదు, నేను కాదనను. కానీ అటువైపు డాక్టరు దగ్గర ఏళ్లుగా చూపించుకుంటున్నవాడు, వెళ్తే తిరిగి వచ్చి 14 రోజులు ఎక్కడుండాలో తెలియనివాడు, ఇటువైపు ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ తన పాత తెలుగు చీటీలు ఎవరు చదువుతారు అన్నదానికి జవాబు చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా మా వైపు రాలేదు. కార్డుల సంగతి కూడా అంతే. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) అటువాళ్లది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో కూడా ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది, ఆ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుందని చెబుతున్నారు, మంచిదే. శ్రీకాకుళంలో, విశాఖపట్నంలో అది చెల్లే ఆసుపత్రుల పేర్లు తెలుగులో ఒక పట్టీ రాసి ఆరోగ్య కేంద్రాల గోడలకు అంటిస్తే, అడిగినవాడికి అడిగినట్టు నేను ఫోనులో వెతికి చూపించే పని తప్పుతుంది. (కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్లలోనైతే రెండు రాష్ట్రాలూ పోటీ పడి కార్డులిస్తాయట. తగాదాలో ఉన్న ఊళ్లకున్న వైభోగం తగాదా లేని ఊళ్లకు లేదు.)

మా గోడు చెప్పుకుంటూ మాకన్నా వెనకున్నవాళ్లను మరిచిపోతే తప్పవుతుంది. గుమ్మ, సెరంగో వైపు కొండల మీది సవరలకు ఒడియా కాగితమూ ఒకటే, నేను అడుగుతున్న తెలుగు కాగితమూ ఒకటే. ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు నూరేళ్లకు ముందే సవరభాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు చదువు చెప్పించారు. సవరలు తెలుగు నేర్చుకుని రావాలని ఆయన కూర్చోలేదు. మాకు తెలుగు కాగితం ఇచ్చే రోజున వాళ్లకు సవర మాట వినిపించే ఏర్పాటు కూడా చేయండి. చదివే అలవాటు తక్కువ కాబట్టి, సంతలో మైకులో వినిపించినా సరే.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఒక జిల్లాలోగాని, అంతకన్నా చిన్న ప్రాంతంలోగాని కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన నోటీసులను, నిబంధనలను అచ్చువేయాలని భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఎప్పటి నుంచో ఉంది. ఏ బ్లాకులో మేము ఎంతమందిమో జనాభా లెక్కల్లో మీ దగ్గరే ఉంటుంది. అన్ని కాగితాలూ తెలుగులో కావాలని అడగడం లేదు. జ్వరాల కాలంలో పంచే కరపత్రం, పిల్లల టీకాల తేదీలు, బాలింతల జాగ్రత్తలు, ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పే చీటీ, మనసు బాగోలేనప్పుడు చేయవలసిన నంబరు: ఇవి చాలు. కొత్తగా రాయించే ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ఇందులో చాలా భాగం సరిహద్దుకు అవతల తెలుగులో అచ్చయి ఉన్నదే. నంబర్లు, ఆసుపత్రుల పేర్లు మాత్రం మన జిల్లాలవి ఉండాలి.

రాయించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఎక్కడో కూర్చుని చేసిన అనువాదాలు కొన్ని నేను చూశాను. 'శ్వాసక్రియలో అసౌకర్యం' అని రాస్తారు. దానికి మా ఊళ్లో ఆయాసం అంటారు. 'ఆక్సిజన్ సంతృప్తత స్థాయి' అని చదివితే ఎవరు సంతృప్తి పడాలో నాకే తెలియలేదు. అచ్చుకు పంపే ముందు ఆ కాగితాన్ని తెలుగు వచ్చిన ఒక ఆశా దీదీ చేత నలుగురు ఆడవాళ్ల మధ్య బిగ్గరగా చదివించండి. ఎక్కడ ఆమె ఆగి తన మాటల్లో చెప్పవలసి వచ్చిందో అక్కడ ఆమె మాటే అచ్చువేయండి. కరోనా రోజుల్లో మా వీధుల్లో ఎండలో తిరిగి, ఒడియా కాగితాన్ని చేత్తో పట్టుకుని తెలుగులో చెప్పిన వాళ్లు వాళ్లే. ఆ చెప్పడానికి వాళ్లకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, ఎక్కడా లెక్క రాసుకోలేదు. కనీసం మూడు నెలలకొకసారి జరిగే సమావేశంలో వాళ్లు ఏ మాటను ఎలా చెబుతున్నారో అడిగి రాసుకుంటే, మీకు కావలసిన తెలుగు అక్కడే దొరుకుతుంది.

మా షాపులో బల్ల పక్కన ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. 2021 జూన్‌లో మీటరు మీద ఏ అంకె ఏమిటో స్కెచ్ పెన్నుతో బొమ్మ వేసి, కింద నాకు తెలిసిన నంబర్లు రాసి నేనే తగిలించాను. బొమ్మ వెలిసిపోయింది, నంబర్లలో రెండు పనిచేయకపోతే కొట్టేసి 14416 అని రాశాను. దాన్ని చూసి ఇప్పటికీ జనం ఫోనుల్లో ఫొటో తీసుకుంటారు. అందులో ఇంకేవైనా తప్పులున్నాయేమో నాకు తెలియదు, నేను డాక్టరును కాదు. మీ ముద్రతో సరైన కాగితం వచ్చిన రోజున దాన్ని తీసేస్తాను. షాపు పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, కాగితాలు ఎవరి చేత పంపినా తీసుకుంటాను. కాశీనగర్, గుణుపురం వైపు షాపులవాళ్లకు సరుకు పంపేటప్పుడు వాళ్ల వాటా కూడా కలిపి పంపగలను.

ఇట్లు,
పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుకునే ఒక తెలుగువాడు